మనోహరంగారి బ్యాగ్‌పైప్

గల్ఫ్ గడ్డ మీద తెలుగు సంస్కృతి ఇంకా ఊపిరితో ఉందంటే, అందుకు ఏకైక కారణం మా సంఘం వేసే కమిటీలు! ఒమాన్ వాళ్ళు ముచ్చటపడే వాద్యం, సంచికి గొట్టాలు తగిలించి ఊదే బ్యాగ్‌పైప్ కదా, సలాలాలో వానాకాలం ఉత్సవానికి మనవైపు నుంచి ఒకరిచేత వాయింపించాలని ఈ ఏడు తీర్మానించాం. ఎంపిక కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో సిమెంటు అమ్ముకునేవాడికి సంగీతం ఏం తెలుసని కొందరు గొణిగారు. అధ్యక్షుడికి తెలియాల్సింది సంగీతం కాదు, తల ఊపడం!

పోటీకి ఇద్దరొచ్చారు. ఒకరు నర్సు సెలిన్. బ్యాండులో పనిచేసి రిటైరైన ఒమానీ పెద్దాయన దగ్గర నేర్చుకుంటోంది. ఆ గొట్టంలో ధ్వని ఆగదట. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో వేలు చటుక్కున ఎత్తి చిన్న స్వరమొకటి ఇరికించాలట. డ్యూటీ దిగి వచ్చి, వేళ్ళు నొప్పులు పుట్టేలా ఆ గమకాలే సాధన చేసేది. సలాలా వేదిక మీద గురువు ముందు వాయించాలని ఆమె ఆశ.

రెండోవారు మనోహరంగారు. హాలు అద్దె, బిర్యానీ ఆయనవే. సెలిన్ దగ్గరే నాలుగు రోజులు నేర్చుకుని, సాధన కోసమంటూ ఆమె పాటను ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు.

ముందు సెలిన్ వాయించింది. మధ్యలో గొట్టం మీంచి నోరు తీసి ఊపిరి పీల్చుకుంది. పాట ఆగలేదు!

"ఆపమ్మా!" అని అరిచాను. "ఊదకుండా పాటెలా వస్తోంది? లోపల రికార్డు పెట్టావా?"

"సంచిలో గాలుంటుంది సార్. చంకతో నొక్కుతాం."

"మా ముందా ఈ చంక విద్యలు!"

తరవాత మనోహరంగారు. బుగ్గలు పూరీల్లా పొంగాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, పాట అయ్యేదాకా నోరు తీయలేదు. అదీ నిజాయితీ అంటే! సెలిన్ మాత్రం తన పాటే తన చెవిన పడినట్టు తెల్లబోయి చూసింది. గెలిచినాయన సంచిని కారుదాకా నేనే మోశాను.

"లోపల పెట్టెలా తగులుతోందేంటండీ?"

"గమకాలండీ బాబూ! గట్టిగానే ఉంటాయి."

నాకు తెలుసన్నట్టు తల ఊపాను.

వారం తిరక్కుండా ఆయన సెలిన్‌కి ఫోన్ చేశారు. "అమ్మాయ్, సలాలాకి ఇంకో పాట పంపుదూ, సాధనకి."

"తప్పకుండా అంకుల్," అంది.

సలాలాలో సన్నటి జల్లు పడుతోంది. సెలిన్ సెలవు పెట్టి వచ్చి గురువు పక్కన కూర్చుంది. వేదిక మీద మనోహరంగారు బుగ్గలు పొంగించారు. పాట ఊపందుకుంది, ఉన్నట్టుండి ఆగింది. సంచిలో దాచిన స్పీకరులోంచి సెలిన్ గొంతు వినిపించింది.

"అంకుల్, ఇక నోరు తీసేయండి. మీరు ఊదినా ఊదకపోయినా ఒకటే. వాయించింది నేను, సెలిన్‌ని."

ఒక్కసారైనా సాధన చేసి ఉంటే ఆ మాట ఆయన ముందే వినేవారు! తెలుగువాళ్ళంతా గొల్లున నవ్వారు. గురువు తన వాద్యాన్ని సెలిన్ చేతికిచ్చి వేదిక మీదికి పంపాడు. ఆ అమ్మాయి వాయిస్తుంటే, సిమెంటు అమ్ముకునే నాకు కూడా నిజంగానే ఒళ్ళు పులకరించింది. మధ్యలో నోరు తీసి, నావైపు చూసి నవ్వింది. పాట సాగుతూనే ఉంది.

పక్కనున్న ఒమానీ అధికారి ఆ అమ్మాయెవరని హిందీలో అడిగాడు. "యే లడ్కీ కౌన్ హై?"

"హమారా కమిటీ కా సెలెక్షన్!" అన్నాను.