లిఫ్ట్‌లో అరవై మూడు నెట్‌వర్కులు

పక్కింటివాళ్లతో నోటితో మాట్లాడటం అనాగరికం! ఈ మాట అన్నందుకు మీలో కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి. ఆ కోపాన్ని నా తలుపు కొట్టి మాత్రం చెప్పకండి. మీ వైఫై పేరు మార్చుకోండి, నేను చదువుకుంటాను.

అర్థం కాలేదా? అయితే మీరింకా పాతకాలంలోనే ఉన్నారన్నమాట! మా అపార్ట్‌మెంట్ అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఉంది. ఐదు అంతస్తులు, ఒక లిఫ్ట్, ఒక సెక్రటరీ. ఆ సెక్రటరీని నేనే. రెండేళ్ల కిందటి వరకూ మాకు నెలకో మీటింగ్ జరిగేది. మీటింగ్ అంటే ఏముంది? అరుపులు, అలకలు, చివర్లో చల్లారిపోయిన టీ. ఓ ఆదివారం మూడో అంతస్తు చలపతిరావు గారు విసిగిపోయి తన వైఫైకి ‘చెప్పులు మా గడప ముందు వద్దు’ అని పేరు పెట్టారు. మర్నాటికి ఆ గడప ముందు ఒక్క చెప్పు లేదు! ఆహా, టెక్నాలజీ అంటే అదీ!

వెంటనే మీటింగులు రద్దు చేశాను. నోటీసు బోర్డు పీకించాను. ఫిర్యాదులన్నీ ఇకపై వైఫై పేర్ల ద్వారానే అని సర్క్యులర్ ఇచ్చాను. ఇప్పుడు ఫోన్ తెరిచి నెట్‌వర్కుల జాబితా చూస్తే చాలు, బిల్డింగ్ మనసంతా తెలిసిపోతుంది. రెండో అంతస్తు స్వరాజ్యం గారి వైఫై ‘పైనుంచి నీళ్లు కారుతున్నాయి’. నాలుగో అంతస్తు రాజనర్సయ్య గారిది ‘మిరపకాయ పోపు జర తగ్గియ్యుండ్రి’. దానికి జవాబుగా ఆయన ఎదురింటి మంజూష గారిది ‘మా పోపు మా ఇష్టం’. ఎవరి గొంతూ లేవదు, ఎవరి బీపీ పెరగదు. ఇంతకంటే నాగరికత ఎక్కడుందో చెప్పండి?

అదే ఊపులో లిఫ్ట్‌లో అలారం గంట కూడా తీయించేశాను. వైర్‌లెస్ యుగంలో తీగ లాగిన గంటేమిటండీ, నలుగురూ నవ్వరూ? విప్పుతుంటే మా వాచ్‌మన్ సాయిలు పక్కన నిలబడి, “గది ఉండనియ్యుండ్రి సార్, ఎప్పుడన్న పనికొస్తది” అన్నాడు. పాపం, చదువుకోలేదు కదా అని ఊరుకున్నాను.

సాయిలుతో నాకు ఇంకో చిన్న చికాకు ఉండేది. వాళ్లుండేది టెర్రస్ మీద గదిలో, సరిగ్గా మా ఐదో అంతస్తు ఫ్లాట్ పైన. కూతురు సుష్మిత ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తోంది. ఇంట్లో ప్రాక్టీసు చేసుకోవడానికి మా వైఫై పాస్‌వర్డ్ ఇమ్మని మూడు నెలలుగా అడుగుతున్నాడు. ఇస్తానా? సెక్యూరిటీ అనేది ఒకటి ఏడ్చింది కదా!

ఇక అసలు సంగతి. పోయిన గురువారం సాయంత్రం ఐదింటికి ఎర్రమంజిల్‌లో ఒక హాల్లో నా ఉపన్యాసం. అంశం: ‘తీగలు లేని నగరం’. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఒకరు మైకు ముందుకు పిలవడం ఇదే మొదలు. శాలువా కూడా కప్పుతామన్నారు! నాలుగుంపావుకు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పన్నెండు పేజీల ఉపన్యాసం చేత పట్టుకుని లిఫ్ట్ ఎక్కాను. మూడో అంతస్తు దాటి, రెండో అంతస్తు ఇంకా రాకముందే అది ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

భయపడ్డానా? ఛ! ఫోన్ తీశాను. ఆ ఇనుప పెట్టెలో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. కానీ తలుపుకున్న అద్దంలోంచి వైఫైలు వస్తున్నాయి. ఎన్ని? అరవై మూడు! అమీర్‌పేటా మజాకా? మా బిల్డింగ్‌వి, పక్క హాస్టళ్లవి, కోచింగ్ సెంటర్లవి. ఐదో అంతస్తులో ఉన్న మాది తప్ప అన్నీ వచ్చాయి. ప్రతి పేరు పక్కనా చిన్న తాళం బొమ్మ. పాస్‌వర్డ్ కన్నతల్లికైనా చెప్పవద్దని సర్క్యులర్ ఇచ్చింది నేనే. మావాళ్లు నా మాట అంత నిష్ఠగా విన్నది ఆ ఒక్క విషయంలోనే.

తాళం లేనిది ఒకటి కనిపించింది. మెయిన్ రోడ్డు మీద స్తంభానికి కట్టిన ఉచిత వైఫై. నా ఉపన్యాసంలో రెండు పేజీలు దాని పొగడ్తే! నొక్కాను. సుస్వాగతం అంది. నంబరు అడిగింది. ఇచ్చాను. మీ ఫోన్‌కు ఓటీపీ పంపాం అంది. సిగ్నల్ లేని ఫోన్‌కు ఓటీపీ ఎలా వస్తుందని అడుగుతారా? అలాంటి చిల్లర ప్రశ్నల వల్లే దేశం ముందుకు పోవడం లేదు.

అప్పుడు తట్టింది బ్రహ్మాండమైన ఉపాయం. నా ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి దానికి ‘లిఫ్ట్‌లో ఇరుక్కున్నాను, ఇట్లు సెక్రటరీ’ అని పేరు పెట్టాను. బిల్డింగ్ అంతా చదువుతుంది, పరుగెత్తుకొస్తుంది. చదివారండీ! ఐదు నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. రాజనర్సయ్య గారి వైఫై పేరు ‘మేం సుత పోయిన నెల ఇరుక్కున్నం’ అని మారింది. స్వరాజ్యం గారిది ‘మెట్లెక్కితే మోకాళ్లకు మంచిది’. చలపతిరావు గారిది ‘సెక్రటరీ నాటకాలు చాలు’. చూశారా, ఎంత చురుకైన సమాజమో! ఒక్కరూ తలుపు తీయలేదు, అంతే.

తర్వాత బ్లూటూత్. వెతికితే చలపతిరావు గారి స్పీకర్ దొరికింది. దానికి పాస్‌వర్డ్ లేదు, బంగారు తల్లి! ‘చలపతిరావు గారూ, నేను లిఫ్ట్‌లో ఉన్నాను, కాపాడండి’ అని నా గొంతు రికార్డు చేసి అందులో వదిలాను. పై నుంచి ఆయన వాళ్లావిడతో అనడం వినిపించింది. “ఏంటే కమలకుమారీ, ప్రీమియం తీసుకున్నా యాడ్‌లు వస్తున్నాయేంటి?” ఆ వెంటనే స్పీకర్ ఆగిపోయింది.

ఇంతలో మంజూష గారు కూరల సంచీతో మెట్లెక్కుతూ అద్దం ముందుకొచ్చారు. అద్దం బాదాను, గొంతు చించుకుని అరిచాను, రెండు చేతులూ ఊపాను. ఆవిడ చెవుల్లో బడ్స్. నన్ను చూసి నవ్వి, తనూ చెయ్యి ఊపి, ఫోన్‌లో ఎవరితోనో “మా సెక్రటరీ గారు రీల్ చేస్తున్నారే!” అంటూ వెళ్లిపోయారు.

ఐదైంది. ఎర్రమంజిల్‌లో నా కోసం మైకు ఎదురుచూస్తుంటుంది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఉపన్యాసం వృథా పోవడమెందుకని లిఫ్ట్‌కే చదివి వినిపించాను. “మిత్రులారా! రేపటి నగరంలో మా ఫ్రిజ్ పక్కింటి ఫ్రిజ్‌తో మాట్లాడుతుంది. తోడుకు పెరుగు లేకపోతే అదే అడుగుతుంది. మనం గిన్నె పట్టుకుని ఎవరి తలుపూ తట్టనక్కర్లేదు!” ఇక్కడ చప్పట్ల కోసం ఆగాలని నేనే బ్రాకెట్‌లో రాసుకున్నాను. ఆగాను కూడా.

ఆరు కావస్తుండగా బూటు విప్పి తలుపును బాదడం మొదలుపెట్టాను. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగింది.

“ఎవరు లోపట?”

“నేను సాయిలూ, సెక్రటరీని!”

“అయ్యో సార్! లిఫ్ట్ నడుస్తలేదని బోర్డు మీద రాద్దామనుకున్న. బోర్డేమో మీరు పీకిపిచ్చిండ్రు. గంట గొట్టకపోయిండ్రా?”

గంట పీకించిన చోట మిగిలిన రంధ్రం వైపు చూశాను. సాయిలు కూడా గుర్తు తెచ్చుకున్నట్టున్నాడు, మళ్లీ అడగలేదు. తాళంచెవి తెచ్చి తలుపు తీసి, “ఫికర్ చెయ్యకుండ్రి సార్, చెయ్యియ్యుండ్రి” అని నన్ను మూడో అంతస్తులోకి లాగాడు.

పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్లేసరికి హాలు ఊడుస్తున్నారు. నా శాలువా మైకు బిగించినాయనకు కప్పేశారట. మళ్లీ అది తీగ ఉన్న మైకు!

నేను కృతజ్ఞత లేని మనిషిని కాను. ఇంటికి రాగానే నా వైఫై పేరు ‘థాంక్స్ సాయిలు’ అని మార్చేశాను. నాలుగు రోజులైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు! మెట్ల మీద ఎదురైతే నమస్తే పెడతాడు తప్ప ఆ ఊసే ఎత్తడు. అతనిది బటన్ల ఫోనని ఎవరో అన్నారు. సాకులు! మనుషుల్లో మర్యాద ఎంత పడిపోయిందో చూడండి.

నిన్న ఆరేసిన బట్టలు తేవడానికి టెర్రస్ మీదికి వెళితే సుష్మిత గడపలో కూర్చుని ఉంది, ఒళ్లో పాత ల్యాప్‌టాప్.

“మీ వైఫై పేరు మా నాయినకు చదివి వినిపిచ్చిన సార్” అంది.

“ఏమన్నాడు?”

“మస్తు సంతోషపడ్డడు.” ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. నా కృతజ్ఞత అక్కడ మెరుస్తోంది, పక్కన చిన్న తాళం బొమ్మతో. “ఆ దినం మా నాయిన తలుపు తీసిండు గద సార్. గీ తాళం సుత జర తియ్యుండ్రి.”

సర్క్యులర్ సంగతి చెప్పబోయి మానేశాను. పాస్‌వర్డ్‌ను వైఫై పేరుగా పెట్టేద్దామా అనుకున్నాను. ఊరంతా చదివేస్తుంది. ఇక గత్యంతరం లేక నోటితోనే చెప్పాను. ఈ అనాగరికానికి పాఠకులు నన్ను క్షమించాలి.