అతిశయోక్తికి ఒక ఉదాహరణ

ఆమెకున్న భయం ఒక్కటే. తన చదువు ఏడో తరగతిలో ఆగిపోయినట్టే కూతురి చదువూ ఆగిపోతుందేమోనని.

అందుకే విద్యామంత్రిగారు, "ఇకపై సాహిత్యాన్ని సినిమా క్లిప్పులతో నేర్పిస్తాం, పిల్లలు నవ్వుతూ నవ్వుతూ పండితులైపోతారు" అని ప్రకటించిన రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆమే.

క్లిప్పులు ఎంచడానికి కమిటీ వేశారు. కమిటీ మహా నిష్ఠగా పనిచేసింది. ఈ ప్రభుత్వంలో ఎవరూ ఏడవరు కనుక ఏడుపు సీను తీసేసింది. పోలీసులు నొచ్చుకుంటారని దొంగల సీను తీసేసింది. హీరోయిన్ ముఖాన్ని చంద్రుడితో పోల్చే సీను దగ్గర, "మరి అమావాస్య మాటేమిటి?" అని ఒక సభ్యుడు అడిగాడట, అదీ పోయింది. చివరికి మిగిలింది నాలుగు సెకన్లు. ఒక తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ రారు. దానికి ముందు మంత్రిగారి తొలిపలుకు పన్నెండు నిమిషాలు.

మొదటి పాఠానికి తల్లులనూ పిలిచారు. ఆమె చివరి బెంచీలో ఒదిగి కూర్చుంది. బయట వాన. తెరమీద మంత్రిగారు, "మా హయాంలో కారే బడి ఒక్కటంటే ఒక్కటి చూపించండి" అంటున్నారు. ఆయన ముక్కు మీదుగా నీళ్లు ధార కట్టాయి. బడికున్న ఒకే ఒక్క మాస్టారు లేచి ప్రొజెక్టరుకు గొడుగు పట్టారు.

పరీక్షలో, "చూసిన క్లిప్పు నుంచి అతిశయోక్తికి ఒక ఉదాహరణ రాయండి" అని వచ్చింది. కూతురు మంత్రిగారి మాట పొల్లుపోకుండా రాసింది. మాస్టారు పూర్తి మార్కులు వేశారు.

మూడో రోజు జీపులో అధికారి దిగారు. ఆమెను పిలిపించారు.

"ఏమ్మా, ఇంట్లో నువ్వే నేర్పావా ఇదంతా?"

"నాకంత చదువెక్కడిదండీ. చిన్నపిల్ల, ఉన్నదున్నట్టు రాసేసుంటుంది."

"అదేగా వచ్చిన చిక్కు. మాస్టారూ, పిల్లను ఫెయిల్ చేసెయ్యండి."

ఆమె రెండు చేతులూ జోడించింది.

"చేస్తాను సార్." మాస్టారు వినయంగా రిజిస్టరు తెరిచారు. "కారణం అన్న గడిలో ఏం రాయమంటారు? బడి కారడం లేదనా?"

పైనుంచి పడే చినుకులు తప్పించుకుంటూ అధికారి అప్పటికే కుర్చీ రెండుసార్లు జరుపుకున్నారు. ఈసారి ఫైలు నెత్తిన పెట్టుకుని ఆలోచించారు. "పైకి రాస్తాను" అన్నారు.

వారంలో జవాబొచ్చింది. మంత్రిగారిది ఎంత పెద్ద మనసంటే, పసిపిల్లను పల్లెత్తు మాట అనలేదు. సిలబస్‌లోంచి అతిశయోక్తినే తీసేశారు. ప్రశ్న రద్దయింది, పిల్ల పాసయింది. మాస్టారి ప్రతిభను మెచ్చుకుని ప్రత్యేక శిక్షణకు పంపారు. ఎక్కడికో ఉత్తర్వులో లేదు.

కూతురిప్పుడు పై తరగతి. రోజూ సంచీ తగిలించుకుని వెళ్తుంది, బడి తాళం చూసి వస్తుంది.

"ఏమే, అప్పుడే వచ్చేశావు?"

"మాస్టారు ఇంకా నేర్చుకుంటున్నారటమ్మా."

మీ వైపు ఎక్కడైనా శిక్షణ తరగతులు జరుగుతుంటే ఒక్కసారి లోపలికి తొంగిచూడండి. బక్కపలచని మనిషి, ఎడమ భుజం కాస్త వంగి ఉంటుంది. అన్నం తిన్నారో లేదో అడగండి.