పదికి నాలుగు

ఆ రోజు అల్లుడుగారికి రెండే పనులు. తొమ్మిదింటికి పుచ్చిపోయిన దంతానికి మరమ్మతు చేయించుకోవడం ఒకటి. మధ్యాహ్నం రెండింటిలోగా, రెండేళ్ళుగా కంటున్న కలకు ఆమోదం సంపాదించడం రెండోది. మొదటిదానికి మత్తు సూది ఇస్తారు. రెండోదానికి ఎవరూ ఇవ్వరు.

ఆ కల ఒక లైబ్రరీకి సంబంధించినది. పుస్తకాల లైబ్రరీ కాదు, లెక్కల లైబ్రరీ. x అనీ y అనీ అక్షరాలతో సమీకరణం ఇస్తే దాన్ని విప్పి జవాబు చెప్పే ప్రోగ్రాముల మూట. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో చూడవచ్చు, తప్పు కనిపిస్తే సరిచేసి పంపవచ్చు. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు వందల మంది అలా పంపుతుంటారు. పంపినవాటిని చదివేవాళ్ళు మాత్రం నలుగురు కూడా లేరు. పగలంతా జీతానికి ప్రోగ్రాములు రాసే మన అల్లుడుగారు సాయంత్రాలన్నీ ఈ జీతం లేని పనికి ధారపోస్తుంటారు.

రెండేళ్ళ కిందట అత్తగారు కూతురింటికి వచ్చినప్పుడు ఆయన ముచ్చటపడి ఆ వింత చూపించారు. ఆవిడ ముప్పై ఏళ్ళు పదో తరగతికి లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. 3x + 7 = 22 అని కొట్టగానే x = 5 అని వచ్చింది.

"జవాబు సరే. స్టెప్పులేవీ?" అన్నారు ఆవిడ.

"చూపించదండీ అత్తయ్యగారూ. లోపలే చేసేసుకుంటుంది."

"లోపల చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? మా క్లాసులో అయితే దీనికి ఒక్క మార్కు కూడా..." అని, ఎదుట ఉన్నది అల్లుడని గుర్తొచ్చి, "అంటే, మీది బాగానే ఉందనుకోండి" అని సర్దుకున్నారు.

ఆ మాట ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుంది. జవాబుతోపాటు అడుగడుగునా దారి కూడా చూపించే ఏర్పాటు ఉండాలని పదకొండు పేజీల ప్రణాళిక రాశారు. లైబ్రరీ నియమం ప్రకారం, రాసినవాళ్ళు కాక ఇంకొక్కరైనా పూర్తిగా చదివి అభిప్రాయం చెబితేనే వచ్చే ఏడాది పనుల్లో దానికి చోటు. మూడు వారాలు అందరి ముందూ పెట్టారు. మెచ్చుకోలుగా బొటనవేళ్ళు ఇరవై ఆరు లేచాయి గాని, చదివిన కళ్ళు ఒక్క జత కూడా లేవు. ఇవాళ రెండు దాటితే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే.

గతిలేక ఆ ఉదయం, నెల రోజులు ఉండిపోదామని వచ్చిన అత్తగారి ముందు కంప్యూటరు తెరిచిపెట్టారు.

"అత్తయ్యగారూ, ఇదొక్కసారి చదివి తప్పులుంటే చెప్పండి."

"అయ్యో, అల్లుడుగారి రాతకు నేను వంకలు పెట్టడమా! చదువుతాను. బావుందనే అంటాను."

"చదవకముందేనాండీ?"

"మీరు రాశాక బావుండక ఏమవుతుంది?"

చెప్పులు వేసుకుంటున్న కూతురు నిట్టూర్చింది. "పదో తరగతిలో నాకు అరమార్కు తగ్గించి రెండ్రోజులు ఏడిపించింది ఈవిడేనాండీ?" అంటూ భర్తను దంతవైద్యుడి దగ్గరికి బయల్దేరదీసింది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. ప్రణాళిక మొదటి వాక్యం మీద చూపు పడేలోపే పక్కనున్న జాబితా కంట పడింది. చూడవలసినవి: 127. అదేమిటో చూద్దామని నొక్కారు. అట్టడుగున ఉన్నది మూడేళ్ళ కిందట పంపింది. దాని కింద పంపినతను రాసుకున్నాడు: "ఎవరైనా చూస్తారా?" రెండు నెలల తర్వాత: "చూశారా?" ఏడాది తర్వాత: "నమస్కారం. నేనింకా ఇక్కడే ఉన్నాను."

ఆవిడ గుండె చెరువైంది. పరీక్ష రాసి మూడేళ్ళయినా పేపరు దిద్ది ఇవ్వని మాస్టారు ఎవరో గాని, వాడి ఉసురు తగలకపోతుందా అనుకున్నారు. పేర్ల పక్కన ఉన్న ఉడత బొమ్మలూ గాలిపటం బొమ్మలూ చూశాక వీళ్ళు పిల్లలేనన్న విషయంలో ఆవిడకు ఏ సందేహమూ మిగల్లేదు. ముప్పై ఏళ్ళలో శుక్రవారం రాయించిన పేపరు సోమవారం దాటి ఇంట్లో ఉంచుకున్న మనిషి కాదు. చీర కొంగు దోపి మొదలుపెట్టారు.

ప్రోగ్రాముల సంగతి ఆవిడకు తెలియదు. కానీ ప్రతిదానికీ పైన, పంపినవాళ్ళు తాము చేసిన లెక్క ఏమిటో వివరంగా రాసిపెట్టారు. అది చాలు. మూడేళ్ళుగా ఆగినవాడికి ఇలా రాశారు: "పద్ధతి బాగుంది. చివర గుర్తు మార్చడం మరిచావు. 8. ఇంతకాలం ఓపిక పట్టినందుకు ఇంకొకటి. 9/10." తర్వాత ఇద్దరికి: "పక్కపక్కన కూర్చున్నారా? ఇద్దరికీ ఒకేచోట ఒకే తప్పు. చెరి మూడు." మరొకరికి: "తొందరెక్కువ. హద్దులు చూసుకోలేదు. 2/10." ఆ తర్వాత ఉడత వంతు వచ్చింది. "xతో రెండు వైపులా భాగించావు. x సున్నా అయితే? ఒక జవాబు గంగలో కలిసింది. 4/10. రేపు నాన్నగారి సంతకంతో తీసుకురా."

కింద మీట నొక్కగానే అవన్నీ అల్లుడుగారి పేరు మీద లోకమంతా వెళుతున్నాయని ఆవిడకేం తెలుసు?

వంతు వచ్చి పని ముగిసేసరికి పన్నెండున్నర. అల్లుడుగారు దంతవైద్యుడి వరండాలో, నోట్లో దూది కరిచిపట్టి కూర్చున్నారు. అరగంట నోరు తెరవొద్దన్నారు. ఎడమ బుగ్గ ఉబ్బి, పెదవి ఎక్కడుందో ఆయనకే తెలియని స్థితి. భార్య ఆయన ఫోను తెరిచింది.

"నలభై ఆరు మెసేజీలండీ! 'అభిప్రాయానికి కృతజ్ఞతలు. కానీ మేం పక్కపక్కన కూర్చోలేదు, మా మధ్య సముద్రం ఉంది.' ఏంటిది?"

"ఊఁ?"

"'ఇంట్లో అందరూ క్షేమమేనా?' అని ఇంకొకరు. 'మూలపురుషుడికి నాలుగు మార్కులా! మీ ధైర్యానికి జోహార్లు.'"

అల్లుడుగారు దిగ్గున లేచారు. ముప్పై ఏళ్ళ కిందట ఆ లైబ్రరీని మొదలుపెట్టిన పెద్దాయన్ని అందరూ మూలపురుషుడు అంటారు. ఆయన రాసినదాని మీద నోరెత్తినవాళ్ళు ఇంతవరకూ లేరు.

"ఇంకా ఉందండీ. 'ఇంత మాటన్నారంటే మీరు మానేస్తున్నారన్నమాట. మీ సేవలు మరువలేం.' కింద పద్దెనిమిది మంది సంతకాలు పెట్టారు. చివరిది: 'మీ ఖాతాలో దొంగలు పడ్డారని అనుమానం. తాళం వేశాను.' కాపలాదారు అట. ఎవరండీ?"

ఖాతాల భద్రత చూసేది ఆ కాపలాదారే. అల్లుడుగారు మందుల చీటీ వెనక రాశారు: "అత్తయ్యగారు?"

"అమ్మా? ఛ. అదేం మాటండీ, కంప్యూటరు ముట్టుకుంటే షాకు కొడుతుందంటుంది అమ్మ."

ఆయన కింద ఇంకొక్క మాట రాశారు: "మార్కులు."

భార్య కాసేపు ఆ చీటీ వంక చూసింది. "అమ్మే" అంది.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. అత్తగారు ముప్పై ఒకటో పేపరు ముందు చిరాగ్గా కూర్చుని ఉన్నారు. "వచ్చారా అల్లుడుగారూ? ముప్పై అయ్యాయి. ఇది మాత్రం ఎంత నొక్కినా పోవడం లేదు. మీ మిషను పాడైనట్టుంది."

ఆ క్షణాన అల్లుడుగారి నోరు తిమ్మిరెక్కి ఉండటం ఆ ఇంటి అదృష్టం. అనదలచుకున్నవన్నీ దూది లోపలే ఉండిపోయాయి.

"అమ్మా, వాళ్ళు పిల్లలు కారమ్మా. అందరూ పెద్దవాళ్ళు. ఆ ఉడతకి డెబ్బై ఏళ్ళు" అంది కూతురు.

అత్తగారు నెమ్మదిగా కళ్ళజోడు తీశారు. జరిగిందంతా విన్నాక ఆవిడ ముఖం పాలిపోయింది. "ఎంత పని చేశానే! అల్లుడుగారి రెండేళ్ళ కష్టం నా చేతులారా బుగ్గిపాలు చేశాను" అంటూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఓదార్చాలని అల్లుడుగారు నోరు తెరిచారు గాని, మాట రాలేదు, దూది వచ్చింది. అప్పుడే ఫోను మోగింది. తెర మీద కాపలాదారు, నిద్రలేని ముఖంతో ఒక కుర్రవాడు.

"మీరే మీరని రుజువేమిటండీ?"

"ఏఏ... ఏఏఏ..." అన్నారు అల్లుడుగారు.

"గొంతు కలవడం లేదు. ఫొటోలో బుగ్గలు రెండూ సమానంగా ఉన్నాయి. వీటికి పొంతన లేదు."

ఇక అత్తగారు ఆగలేకపోయారు. ఫోను ముందుకొచ్చి, తన విద్యార్థులు తన ముందు నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఆయన మా అల్లుడేనండీ. పంటి మత్తు. ఆ మార్కులేసింది నేను. ఆయనకు ఏమీ తెలియదు. మీరు పిల్లలనుకుని దిద్దేశాను. తప్పయిపోయింది, అన్నీ కొట్టేయమంటే కొట్టేస్తాను."

కాపలాదారు తెరకు దగ్గరగా జరిగాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నాకు రెండొచ్చాయి మేడమ్. హద్దులంటే ఎక్కడో కొంచెం చెబుతారా? ఏడాదిగా దానితోనే కొట్టుకుంటున్నాను."

ఆవిడ ముక్కు తుడుచుకుని చెప్పారు. అతను రాసుకున్నాడు. ఈలోగా తెరలో ఇంకో గడి తెరుచుకుంది. తెల్ల గడ్డం, మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరు. మూలపురుషుడు.

"కొట్టేయకండమ్మా" అన్నాడాయన. "జవాబొకటి తగ్గుతోందని జనం మొత్తుకుంటుంటే, దాన్ని బాగుచేద్దామని రాసిందే అది. బాగుచేసిన చోటే మళ్ళీ అదే తప్పు చేశానన్నమాట. రెండేళ్ళ కిందట పంపాను. నేను రాశాను గనక తప్పుండదని ఎవరూ చదవలేదు. మీరు చదివారు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాన్నగారి సంతకమే కొంచెం కష్టం. ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది."

"సంతకం అక్కర్లేదు లెండి" అన్నారు అత్తగారు, సిగ్గుపడిపోతూ.

సముద్రానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ అప్పటికే ఒప్పుకున్నారట, ఒకరిది ఒకరు చూసే రాశామని. మూడేళ్ళవాడు రాసింది మూలపురుషుడు చదివి వినిపించాడు: "తొమ్మిది వచ్చాయి. మా అమ్మకు చూపించాను." అతనికి నలభై నాలుగేళ్ళు.

"అంతా బావుంది గాని, అల్లుడుగారి ప్రణాళికకు మీరు మార్కులెందుకు వేయలేదమ్మా?" అన్నాడు మూలపురుషుడు.

"అల్లుడికి మార్కులేయడమేంటండీ! బావుండదు."

"వేయకపోతే ఏడాది పక్కనపెట్టేయాలి. ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది."

అత్తగారు అల్లుడి వంక చూశారు. ఆయన రెండు చేతులూ జోడించారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పొద్దున వదిలేసిన మొదటి వాక్యం చదివారు: "ఈ ఆలోచన నాది కాదు. 'జవాబు సరే, స్టెప్పులేవీ?' అని అడిగిన మా అత్తగారిది." కళ్ళజోడు మళ్ళీ తీసి తుడుచుకోవలసి వచ్చింది. తర్వాత పదకొండు పేజీలూ గబగబా చదువుతూ పోయారు. నాలుగో పేజీకల్లా అల్లుడన్న సంగతి మరిచిపోయారు.

"ఇదేంటి? 3x + 7 = 22 కింద నేరుగా 3x = 15 అని రాసేశారు! రెండు వైపుల నుంచీ ఏడు తీసేశామని ఎవరు చెబుతారు? స్టెప్పులు చూపిస్తామన్న కాగితంలోనే స్టెప్పు ఎగ్గొడితే ఎలా అల్లుడుగారూ?"

అల్లుడుగారు సంతోషంగా తలవంచారు. కూతురైతే రెండ్రోజుల ఏడుపుకు ఇన్నాళ్ళకు బదులు దొరికినట్టు చూస్తోంది.

రెండింటికి నాలుగు నిమిషాల ముందు తీర్పు వెలువడింది. "ఏడు. ఒకటి స్టెప్పుకి, ఒకటి అచ్చుతప్పులకి, ఒకటి మొదటి వాక్యానికి తగ్గించాను. నా ప్రస్తావన ప్రశ్నలో లేదు. తక్కినదంతా చక్కగా ఉంది. పిల్లలకు చాలా మేలు." మూలపురుషుడు ఆ మాటలన్నీ ఆవిడ అభిప్రాయంగా అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, కింద 'ఆమోదం' అని పెట్టాడు.

సాయంత్రానికి మత్తు దిగింది. చెప్పాలనుకున్న కృతజ్ఞతలన్నీ దారి తప్పి, అల్లుడుగారికి రెండు ముక్కలే దొరికాయి. "మూడు వారాలు ఎవరూ చదవలేదండీ అత్తయ్యగారూ. మీరు చదివారు."

"రాసిచ్చాక చదవకుండా ఎలా ఉంటాం బాబూ?" అన్నారు ఆవిడ. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన్ని బాబూ అనడం అదే మొదటిసారి. నాలుగేళ్ళుగా తన ముందుకు ఒక్క కాగితమైనా రాలేదనీ, ఇవాళ కడుపు నిండిందనీ ఆ తర్వాత వంటింట్లో కూతురితో అన్నారు.

మర్నాడు పొద్దున చూస్తే, జాబితా తొంభై ఏడు దగ్గర ఉండాల్సింది పోయి నూట అరవైకి చేరింది. కొత్తవాటన్నిటి అడుగునా ఒకటే మాట: మార్కులు వేయగలరు. ఆవిడకు సొంత ఖాతా ఉండాల్సిందేనని మూలపురుషుడు కబురంపాడు. అత్తగారు వివరాలన్నీ నింపి చివరికొచ్చేసరికి, మీరు యంత్రం కాదని నిరూపించండి అంది కంప్యూటరు.

"అల్లుడుగారూ, ఓ తెల్లకాగితం ఇలా ఇవ్వండి" అన్నారు ఆవిడ.

రుజువు రెండు పేజీలు వచ్చింది, ఒక్క స్టెప్పూ పోలేదు.