గాల్లో ఆగిపోయిన బాతు

పక్షుల సమాచార కేంద్రం కంప్యూటర్లో ఆమోదం పడేదాకా ఆ సరస్సు మీద ఏ అడవి పక్షీ వాలడం సాధ్యం కాదు. నీటికి మూరెడు ఎత్తున గాలే గట్టిపడి ఆపేస్తుంది. కొంగలకూ నీటికాకులకూ ఇబ్బంది లేదు. పేరు కొట్టగానే దిగిపోతాయి.

నవంబరులో ఒక ఉదయం డేటా మేనేజర్ మృణాళిని దుర్భిణిలో చూస్తూ కేక పెట్టింది. ఎర్రఛాతీ బాతు! సైబీరియాది. ఈ సరస్సుకు ఎన్నడూ రానిది. గబగబా పేరు కొట్టింది. తెర మీద ఎర్రగడి వెలిగింది: కొత్త జాతి, కాళ్లు కనిపించే ఫొటో తప్పనిసరి.

ఎగిరే బాతు కాళ్లను ఈకల్లో దాచుకుంటుంది. కాళ్లు కనిపించాలంటే వాలాలి. వాలాలంటే ఆమోదం పడాలి.

ఆమె మెట్లెక్కి అధికారి సత్యప్రసాద్ గదిలోకి పరుగెత్తింది.

"సార్, ఎర్రఛాతీ బాతొచ్చింది సార్!"

"కంగ్రాట్స్ అమ్మా. కాళ్లు?"

"గాల్లోనే ఉంది సార్. ఇంకాసేపట్లో పడి చచ్చిపోతుంది."

"పడితే ఫొటో వస్తుందిగా," అన్నాడాయన ఓదార్పుగా.

కిటికీ బయట బాతు గట్టిపడిన గాలికి కొట్టుకుని ఎగిరిపడింది. మళ్లీ కొట్టుకుంది. గట్టు మీద బాతులు మేపుకునే ఏసోబు కర్ర ఊపుతూ అరిచాడు. "మేడం గారండీ! పిట్ట పోయేలా ఉందండీ! ఏదో ఒకటి కొట్టెయ్యండీ బాబూ!"

అతని బాతులు హాయిగా ఈదుతున్నాయి. పెంపుడు జాతికి ఫొటో అక్కర్లేదు. మృణాళిని కిందికి దూకినంత పని చేసి, "నాటు బాతు" అని కొట్టింది. గడి పచ్చబడింది. పక్షి దబ్బున నీళ్లలో పడి, ఈదింది. ఆఫీసంతా ఈలలు వేసింది.

మర్నాడు పేరు దిద్దడానికి సవరణ పేజీ తెరిచింది. అందులో ఫొటోకు చోటు లేదు, ఒకే ప్రశ్న ఉంది: పక్షి ఇప్పుడు నమోదైన జాతిలాగే ప్రవర్తిస్తోందా? అవునంటే సవరణ ఉండదు. కాదనాలంటే అది ఎగరాలి. వలసపక్షులు వెళ్లేలోగా ఎగరాలి.

ఆమె రోజూ గట్టుకెళ్లి చేతులు ఆడించి చూపించింది. బాతు కాసేపు చూసి, తవుడు తిన్నది.

"గంప కింద బుద్ధిగా పడుకుంటందండీ," ఏసోబు మురిసిపోయాడు. "గుడ్డు కూడా ఎట్టింది."

"దిగులుపడకమ్మా," అన్నాడు సత్యప్రసాద్. "నేను గద్దల మీద పరిశోధనకని చేరాను. ఖాళీ లేదని స్టోర్స్‌లో ఎక్కించారు. మొదట్లో కిటికీలోంచి ఆకాశం చూసేవాణ్ణి. ఇప్పుడు కుర్చీల కొటేషన్లొస్తే ఒళ్లు పులకరిస్తుంది."

మార్చిలో వలసపక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. సరస్సు మీద నీడ పడింది. ఎర్రఛాతీ బాతు తలెత్తి, రెక్కలు సగం విప్పింది. మృణాళిని గట్టు మీంచి చేతులు ఆడించింది.

ఏసోబు నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. బాతు రెక్కలు ముడిచి నాటు బాతుల వరసలో నిలబడింది.

ఆమె వెనక్కొచ్చి "అవును" నొక్కింది. ఆ ఏడాది సరస్సు సమాచారంలో ఒక్క తప్పూ లేదని తెర మీద పడగానే ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది మృణాళినే.