దయచేసి బయట నిలబడండి

స్థానిక ప్రభుత్వాలకు నీతి నియమావళి చేసినంత మేలు మరేదీ చేయలేదు! నమ్మరా? అయితే మా కిర్గిజ్ కొండల్లోని ఈ చిన్న ఊరి కౌన్సిల్ సంగతి వినండి.

కిందటి వసంతంలో రాజధాని నుంచి నియమావళి దిగింది. ఏ విషయంలో ఎవరికి సొంత ప్రయోజనం ఉందో వాళ్ళు ముందే చెప్పాలి. ఆ చర్చ ముగిసేదాకా గది బయట ఉండాలి.

దాన్ని సభలో చదివే పని జూరాకాన్ మీద పడింది. ఆవిడ రిటైరైన నర్సు. ఊరంతా ‘ఎజే’ అంటుంది, అంటే అక్క. పైవీధి నలభై ఇళ్ళకు నీళ్ళ గొట్టం వేయిస్తానని మాటిచ్చి గెలిచింది. ఆ వీధి ఆడవాళ్ళు చలికాలమంతా కాలువ మీద మంచు పగలగొట్టి బకెట్లు నింపుకుంటారు. ఇకనైనా పనులు న్యాయంగా జరుగుతాయని ఆవిడ ఆశ. అందుకే ప్రతి వాక్యం రెండేసి సార్లు చదివింది.

మొదట బస్టాండు కప్పు కాంట్రాక్టు. అధ్యక్షుడు సాటిబాల్దీ దాన్ని బావమరిదికి ఇప్పించాడు.

“బావమరిది చుట్టం కాడా?” అంది జూరాకాన్.

“వాడా! పెళ్ళి విందులో పెద్దవాడికి పెట్టాల్సిన గొర్రె తల నాకు కాకుండా ఇంకెవడికో పెట్టాడు ఎజే. ఆనాటి నుంచి మాటల్లేవు. మాటల్లేనివాడు చుట్టమెట్లా అవుతాడు?”

ఆ బావమరిది పక్కనే కూర్చుని ఆయన గిన్నెలో టీ పోస్తున్నాడు. నిజమే, ఒక్క మాటా మాట్లాడలేదు!

తర్వాత అద్దె తగ్గించమని అడుగుతున్న సంత దుకాణాలు. వాటిలో మూడు సభ్యుడు తుర్గున్‌బాయ్‌వి. ఆయన బుద్ధిగా బయటికి నడిచాడు. ఓటింగ్ వేళకు కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపాడు.

“నియమం బయట ఉండమంది నన్ను. నా చేతిని కాదుగా?”

నియమం మీద ఎంత లోతైన అధ్యయనం! ఆ చెయ్యినీ లెక్కపెట్టారు.

ఆకులు రాలే రోజుల్లో గొట్టం వంతు వచ్చింది.

“ఎజే, తమరి ఇల్లెక్కడ?” సాటిబాల్దీ మెత్తగా అడిగాడు.

“పైవీధిలో. నువ్వు పుట్టిన రోజు మీ అమ్మకు పురుడు పోయడానికి అక్కణ్ణుంచే పరిగెత్తుకొచ్చా.”

“అయితే తమరికి ప్రయోజనం ఉంది. దయచేసి బయట నిలబడండి.”

“నలభై ఇళ్ళురా అవి!”

“అందులో ఒకటి తమరిదేగా. నియమం చదివింది కూడా తమరే.”

జూరాకాన్ అందరి ముఖాలూ చూసింది. అందరూ టీ గిన్నెల్లోకి చూస్తున్నారు. ఆవిడ బయటికి వచ్చింది. గోడ చుట్టూ తిరిగి, కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపింది.

“చలిగాలి కొడుతోంది, ఆ కిటికీ మూసెయ్యండి!” అన్నాడు సాటిబాల్దీ.

ఆవిడ వేళ్ళు వెనక్కి లాక్కునేలోపే కిటికీ తలుపు వాటి మీద పడింది.

ఐదు నిమిషాల్లో తీర్మానమైపోయింది. గొట్టం పైవీధికి కాదు, బావమరిది కొత్తగా కట్టిన స్నానశాలకు. అందులో అధ్యక్షుడికి ప్రయోజనమేముంది? ఆయన ఇంట్లోనే స్నానం చేస్తాడు!

వేళ్ళకు గుడ్డ చుట్టుకుని జూరాకాన్ పైవీధి ఎక్కింది. కాలువ దగ్గర ఆడవాళ్ళు బకెట్లు దించి అడిగారు: “ఎజే, ఏమైంది?”

“నాకు స్వార్థం ఉందట” అంది ఆవిడ.

రాజధానికి వెళ్ళిన నివేదికలోనూ అదే రాశారు: ఈ ఏడాది నియమం పూర్తిగా అమలైన సందర్భం ఒక్కటి, స్వార్థం ఉన్న సభ్యురాలిని గొట్టం చర్చలో బయట ఉంచడం. మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చింది. ఇప్పుడు చెప్పండి, నియమావళే లేకపోతే, తాగడానికి నీళ్ళు కోరేంత స్వార్థం మా కౌన్సిల్‌లో దాగి ఉందని ఎవరికైనా తెలిసేదా?