ఊరంతా ఆశీర్వదించిన మోకాలు

కొచబాంబా లోయలోని మా ఊరి పురపాలక సంఘం దోన్యా సతుర్నీనా కుడి మోకాలిని జాతికి అంకితం చేసింది. ఆ మోకాలు లోహంది, కొత్తది. మా ఊళ్లో కొత్త లారీ అయినా, కొత్త పొయ్యి అయినా మొక్కజొన్న కల్లు చిచా పోసి, రంగు కాగితాలు చల్లి, టపాసులు కాల్చి, చాల్యా అనే దీవెన చేయందే వాడరు. మోకాలికి మాత్రం ఆ మర్యాద ఎందుకు తప్పాలి?

కుట్లు పచ్చిగా ఉన్నాయి, కట్టు తడవకూడదని డాక్టర్ అరాందియా చెప్పాడు. చదువుకున్నవాడు, అలాగే అంటాడని ఊరు ఆయన్ని క్షమించింది. సతుర్నీనాకి మాత్రం బెదురుగానే ఉంది. ఆగస్టులో మాత ఊరేగింపులో నాట్యబృందానికి ముందు ఆడే వంతు ఆమెది. ఆ ఆశతోనే కత్తికి ఒప్పుకుంది. కానీ పోయబోయే చిచా ఆమె దుకాణంలోదే. కాదంటే వ్యాపారానికి మంచిది కాదు.

"ఈ మోకాలు ఒక్కరిది కాదు, మనందరిదీ" అని మేయర్ దోన్ ఇలారియోన్ ప్రసంగించాడు. ఫొటోకి అడ్డమని కట్టు విప్పించి, మోకాలికి రిబ్బను కట్టించి కత్తిరించాడు. పెద్దలు వరసగా వచ్చి, చిచాతో తడిసిన చేతులతోనే మోకాలిని తట్టి, మిగిలిన చిచా దాని మీద పోశారు.

వారం తిరక్కుండా మోకాలు కాలిపోతూ చీము పట్టింది. ఇది పొరుగూరి క్రిముల కుట్ర అని మేయర్ ప్రకటించాడు. డాక్టర్ పరీక్ష చేయించి ఒప్పుకోలేదు.

"పొరుగువి కావు దోన్యా. నీ చర్మం మీద ఏళ్ల తరబడి కాపురమున్నవే. పైన ఉన్నన్నాళ్లూ సాధువులు. లోపల లోహం దొరికిందా, దాన్ని కరుచుకుని జిగురు కప్పేసుకుంటాయి. ఇక మందు అంటదు. లోహమే తీసెయ్యాలి."

"నా తిండి తిని నాకే ద్రోహం చేశాయా? అచ్చం మా మరుదులే" అంది సతుర్నీనా.

లోహం తీసేశారు. ఆ ఆగస్టు ఊరేగింపును ఆమె కుర్చీలోంచి చూసింది. విచారణ సంఘం కూర్చుని, చిచా చాలకపోవడమే కారణమని తేల్చింది.

మరుసటి ఏడు అదే కాలికి రెండో లోహపు మోకాలు వేశారు. ఈసారి సతుర్నీనా తలుపు గడియ పెట్టుకుంది. మేయర్ బ్యాండుతో వచ్చాడు.

"తలుపు తియ్యి దోన్యా, ఊరంతా నిలబడి ఉంది."

"నిలబడనీ. నా మోకాలు పడుకుంది."

చేసేది లేక ఊరు ఆ తలుపుకే చాల్యా చేసి వెళ్లింది. కుట్లు మానాయి. ఆగస్టులో సతుర్నీనా పావడా గిర్రున తిరిగేలా అందరికంటే ముందు ఆడింది.

తలుపుకి అంత చిచా పోయబట్టే మోకాలు నిలిచిందని మేయర్ సభలో రుజువు చేశాడు. ఇకమీదట ఆసుపత్రి తలుపులన్నిటికీ నెలనెలా చాల్యా చేయాలని తీర్మానం పెట్టాడు. డాక్టర్ తల పట్టుకుని, ఈమె అయినా నిజం చెబుతుందేమోనని సతుర్నీనా వైపు చూశాడు.

ఆమె కొత్త మోకాలి మీద చక్కగా లేచి నిలబడి, అందరికంటే ముందు చెయ్యెత్తి బలపరిచింది. చిచా ఎవరి దుకాణంలో కొనాలో తీర్మానంలోనే రాసి ఉంది.