క్యారియరు మీద వంతెన

ఇక మీదట కృష్ణా జిల్లాలో ఏ కాలవా మనిషికీ మనిషికీ అడ్డు నిలవజాలదని చిన్న వంతెనల శాఖామాత్యులు హనుమయ్యగారు డెబ్భై నాలుగులో బెజవాడ సభలో ప్రకటించారు. "వంతెనంటే ఏమిటి? రెండు గట్లను అతికించే జిగురు" అని కూడా సెలవిచ్చారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది నేనే. జిగురు గురించి మా ఇద్దరికీ తెలిసినంత జిల్లాలో ఇంకెవరికీ తెలియదు.

నేను చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అతికించడంలో మాత్రం డాక్టరేటు. గవర్నర్‌పేటలో రెండు గొట్టాల జిగురు దొరికేది. ఈ గొట్టంలోది కాస్త, ఆ గొట్టంలోది కాస్త సమంగా కలిపి పూసి, ఆరేదాకా కదపకుండా ఉంచాలి. దాంతో నా మోటార్‌సైకిలు మడ్‌గార్డూ, వెనక లైటూ, ఇంట్లో కాఫీ ఫిల్టరూ, నా కళ్ళజోడూ అతికించాను. ఓసారి గాలివాన బండిని ఎత్తి కాలవలో పారేస్తే, అతకనిచోటల్లా విరిగింది గాని అతికినచోట చెక్కు చెదరలేదు. పగిలిన రోలు అతికించినప్పుడు పచ్చడిబండ కూడా అందులోనే ఉండిపోయిన మాట నిజమే. అప్పట్నించీ మా ఆవిడ సుబ్బరత్నం పచ్చడి పక్కింట్లో నూరుతోంది. పరిశోధన అన్నాక త్యాగాలు తప్పవు. అవి ఆవిడ చేసింది.

మా ఊరికీ ఉయ్యూరు రోడ్డుకీ మధ్య పెద్దకాలవ. పురుడొచ్చినా, పాము కరిచినా, బల్లకట్టు నడిపే మరియదాసు అన్నం తిని వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకని మంత్రిగారు మాకో వంతెన మంజూరు చేశారు. శంకుస్థాపన రాయిని బెజవాడలో చెక్కించి, నా బండి క్యారియరు మీద తెమ్మన్నాడు పార్టీ గ్రామశాఖ అధ్యక్షుడు సంజీవరావు. చెక్కేవాడు అక్షరానికింత అంటే ఊరిపేరు కొట్టేయించాడు కూడా. "మనూళ్ళో రాయికి మనూరి పేరెందుకు బాబాయ్? మనకి తెలీదా?" అన్నాడు. పొదుపరి.

కంకిపాడు దాటాక బండి గోతిలో పడి రాయి రెండు ముక్కలైంది.

సంజీవరావు తల పట్టుకున్నాడు. "పొద్దున్నే మంత్రిగారొస్తారు. రాయి లేదంటే వంతెన పక్కూరికి పోద్ది బాబాయ్."

"రాయేగదరా. అతికిస్తా."

"రోలు సంగతి చెప్పారా అబ్బాయికి?" అంది సుబ్బరత్నం వంటింట్లోంచి.

చెప్పలేదు. క్యారియరంత చదునైన చోటు మా ఇంట్లో ఇంకోటి లేదు గనక, రాయిని దించకుండా దాని మీదే అతికించాను. తెల్లారేసరికి అతుకెక్కడుందో నాకే కనపడలేదు. గర్వంగా రాయిని ఎత్తబోయాను. వెనక చక్రం కూడా లేచింది.

మంత్రిగారి కారు కాలవ దాటలేదు గనక సభ రోడ్డువైపు గట్టున పెట్టారు. రాయితో సహా బండిని బల్లకట్టెక్కించాం. మరియదాసు చార్జీ తీసుకోలేదు. "వంతెనొస్తే నా పని అయిపోయినట్టేగదండీ. ఈ ఒక్కసారికీ ఊరికే" అన్నాడు.

మంత్రిగారు తెర లాగారు. రాయీ, రాయికి ముందు సీటూ, సీటుకి ముందు హ్యాండిలూ దర్శనమిచ్చాయి.

"ఇదేంటయ్యా?"

సంజీవరావు వేలు నా వైపు తిరిగింది. "ఈయన ఐడియా అండి."

"మీరేం చదివారు?"

"ఐదోదండి."

"అందుకే తట్టింది. మా ఇంజనీర్లు ఊరికో రాయి పాతి బడ్జెట్టంతా తగలేశారు. ఇది స్టార్టవుద్దా?"

"ఒక్క కిక్కుకేనండి."

"అయితే నా కారు వెనకాలే రండి."

ఆ రోజు ఆ రాయి ఎన్ని ఊళ్ళ వంతెనలకు పునాది అయిందో లెక్కపెట్టలేదు. హెడ్‌లైటు మీద కొట్టిన కొబ్బరికాయల నీళ్ళకే ఇంజను రెండుసార్లు ఆగింది. పేరు లేని రాయి గనక ప్రతి ఊరూ తనదే అనుకుంది. సంజీవరావు పొదుపు విలువ అప్పుడు తెలిసింది. వంతెన ఎక్కడికి పోతుందని భయపడ్డామో ఆ పక్కూళ్ళో నా సైలెన్సరుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. పొద్దుగూకాక హనుమాన్ జంక్షన్లో మంత్రిగారు నా భుజం తట్టి, "మీలాంటి కార్యకర్తలే పార్టీకి పునాది" అన్నారు. రాయి బరువుకి నడుం పట్టేసింది గాని, ఆ మాటకి నిటారుగా నిలబడ్డాను.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అందులో నేను లేను. నా వెనక లైటుంది.

తర్వాత ఆ శాఖను ఇంకో శాఖలో కలిపేశారు. ఏ జిగురుతో కలిపారో గాని, మళ్ళీ ఎవరికీ కనపడలేదు. నేనూ రాయిని ఊడదీద్దామని సమ్మెటతో కొట్టించాను. సమ్మెట కర్ర విరిగింది. దాన్నీ అతికించాను. బెజవాడ ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చి వంతెన ఎక్కడని అడిగితే, "ఉయ్యూరు బజారుకెళ్ళిందండి, సాయంత్రానికొస్తది" అని సంజీవరావు తడుముకోకుండా చెబుతాడు. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు.

మొన్న పన్నునొప్పితో సుబ్బరత్నం దవడ గుమ్మడికాయంత అయింది. ఉయ్యూరు ఆసుపత్రికని బండి మీద ఎక్కించుకుని కాలవ దగ్గరికి తెచ్చాను. మరియదాసు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా వచ్చాడు.

"మీకోటి, అమ్మగారికోటి, బండికోటి" అని వేళ్ళు మడిచాడు. తర్వాత క్యారియరు వైపు చూశాడు. "వంతెనక్కూడా ఓ టిక్కెట్టు ఇప్పించండి బాబుగారూ. బరువుగా ఉంది."

"ఆ రోజు ఊరికేనన్నావుగా?"

"ఆ రోజు వస్తుందనుకున్నానండి."

బేరమాడదామని నోరు తెరిచాను. నోరు తెరవలేని సుబ్బరత్నం నాకన్నా ముందే తెరిచింది.

"ఇచ్చెయ్యండి."

ఇచ్చాను. మరియదాసు తాడు లాగాడు. వంతెన కాలవ దాటింది.